రూపాయి బిళ్లకు న్యాయం జరిగేది

2016 దసరా నాడు మా పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటినీ జిల్లా కేంద్రాలు చేశారు. సంతోషమే. కలెక్టరేట్లు వచ్చాయి, ఎస్పీ ఆఫీసులు వచ్చాయి. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, గద్వాలకు 2024లో వచ్చింది. ఇన్ని వచ్చిన ఊళ్లలో, పదమూడేళ్ల పిలగాడు జేబులో పది రూపాయలు వేసుకుని సాయంత్రం పూట పోయి తన ఈడువాళ్ల మధ్య నిలబడే గది ఒక్కటి చూపించండి. మా రోజుల్లో ఉండేది. బస్టాండు వెనక ఒకటి, టాకీసు సందులో ఒకటి. బోర్డు ఉన్నా లేకున్నా అందరం వీడియో గేమ్ షాపు అనేవాళ్లం.

నేను పుట్టింది గద్వాలలో. వేసవి సెలవులకు నాగర్‌కర్నూల్‌లో మేనత్త ఇల్లు. తర్వాత చదువు వనపర్తి పాలిటెక్నిక్‌లో, రాజావారి ప్యాలెస్‌లో 1959లో పెట్టిన ఆ కాలేజీలో. కాబట్టి మూడు ఊళ్ల గేమ్ షాపులూ నాకు తెలుసు. మూడింట్లోనూ ఒకటే చెమట వాసన, ఒకటే గోల.

మిషన్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. మా ఎత్తు ప్లైవుడ్ డబ్బా. పైన సన్‌మైకా, లోపల పాత కలర్ టీవీ పిక్చర్ ట్యూబు, దాని కింద గేమ్ బోర్డు. ముందు పలక మీద నిమ్మకాయంత ఎర్ర గుండు ఉన్న జాయ్‌స్టిక్, పక్కన బటన్లు. బటన్ల చుట్టూ సన్‌మైకా అరిగిపోయి లోపలి చెక్క బయటపడేది, ఆ చెక్క కూడా చేతుల జిడ్డుకు నల్లగా నున్నబడేది. కింద బిళ్ల వేసే సందు, దానికో చిన్న తలుపు, ఆ తలుపుకు తాళం. తాళంచెవి షాపు అన్న దగ్గరే ఉండేది. 1992 నుంచి వచ్చిన చిన్న స్టీలు రూపాయి బిళ్ల ఆ సందులో పడితే టక్కుమని చప్పుడయ్యేది. ఆ చప్పుడుకు గదిలో ఉన్నవాళ్లంతా ఒకసారి ఇటు తిరిగి ఆడేది ఎవరా అని చూసేవాళ్లు.

ఆ చూసేవాళ్ల గురించే నేను చెప్పదలచుకున్నది. ఆడేది ఒకరో ఇద్దరో అయితే వెనక పదిమంది ఉండేవాళ్లు. ఒకడు ఆడేవాడి భుజం మీద గడ్డం ఆనించేవాడు, ఇంకొకడు మిషన్ పక్కకు చేరి తెరను వాలుగా చూసేవాడు. చూసినందుకు ఎవరూ పైసలు అడగలేదు. బిళ్ల లేనివాడు కూడా సాయంత్రం అంతా అక్కడే ఉండొచ్చు. నిజానికి ఆట బాగా తెలిసింది వాళ్లకే. మా గద్వాల షాపులో ఒక మగ్గం ఇంటి పిలగాడు ఉండేవాడు. ఇంట్లో పని అయ్యాకనే వచ్చేవాడు, జేబులో ఎప్పుడో గానీ రూపాయి ఉండేది కాదు. అయినా ఏ డ్రమ్ము పగలగొడితే తిండి దొరుకుతుందో, ఏ మూల నుంచి కత్తి వాడు దూకుతాడో అతనికి కంఠతా వచ్చు. 'ఎడమ దిక్కు పోరా, ఆ డబ్బ పలగ్గొట్టు, లైఫ్ ఉంటది' అని వెనకనుంచి చెప్పేవాడు. అతను చెప్పినట్టు ఆడితే అదే రూపాయి పావుగంట సాగేది. అందుకని అతను రాగానే వెనక గుంపు పక్కకు జరిగి జాగా ఇచ్చేది. బిళ్ల లేని పిలగాడికి అంత మర్యాద దొరికిన చోటు మా ఊళ్లో నాకు ఇంకొకటి తెలియదు.

మా అందరి ఆట ముస్తఫా. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. జాక్, హన్నా, ముస్తఫా, మెస్ అని నలుగురు మనుషులు. అందరికంటే ముస్తఫా జోరు ఎక్కువ, పరిగెత్తి ఎగిరి తన్నితే ముగ్గురు ఒకేసారి పడేవాళ్లు. అందుకే ఆటకే వాడి పేరు పెట్టేశాం. దేశంలో చాలా ఊళ్లలో ఇదే పేరు అని పెద్దయ్యాక తెలిసింది. మా వైపు ఆ పేరు ఎట్లా వచ్చిందో మాత్రం నేను చూశాను. పాలమూరు అంటే మా మహబూబ్‌నగర్ జిల్లానే, పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మా పల్లెల నుంచి బొంబాయికి, పూణేకు మట్టి పనికి, బిల్డింగు పనికి పోయేవాళ్లు. వాళ్ల పిల్లలు జాతరకో పెళ్లికో ఊరికొచ్చినప్పుడు అక్కడి షాపుల్లో నేర్చిన దెబ్బలన్నీ మోసుకొచ్చేవాళ్లు. అటాక్, జంప్ రెండు బటన్లూ కలిపి కొడితే చుట్టూ ఉన్నవాళ్లంతా ఎగిరి పడతారని, కానీ మన లైఫ్ కూడా కొంత కరుగుతుందని మాకు చెప్పింది అట్లా బొంబాయి నుంచి వచ్చిన పిలగాడే. ఎండకు మాడిన ముఖం, కాళ్లకు హవాయి చెప్పులు. ఆ వారం రోజులు షాపులో అతనే గురువు.

కరెంటు ముచ్చట చెప్పకపోతే మా గేమ్ షాపుల కథ సగమే అవుతుంది. జూరాల డ్యాం మా పక్కనే ఉన్నా అక్కడ కరెంటు పుట్టడం మొదలైంది 2008లో. మా రోజుల్లో కోత ఎప్పుడు పడుతుందో చెప్పే దిక్కు లేదు. మొదటి స్టేజీ చివర బాస్ ఎదురుగా నిలబడి ఉంటాడు, మనకు లైఫ్ గోరంత మిగిలి ఉంటుంది, అప్పుడు టప్పున తెర నల్లబడేది. గది మొత్తం ఒక్కసారి అరిచేది. ఆ వెంటనే పంచాయతీ మొదలు. లోపల పడ్డ రూపాయి ఎవరిది?

దానికి మా షాపులో కాయిదా ఉండేది. మొదటి బాస్ చావకముందు కరెంటు పోతే బిళ్ల వాపస్. చచ్చినంక పోతే లేదు. ఆడినవాడు 'ఇంకా చావలేదన్నా' అనేవాడు. అన్న అతని మాట వినేవాడు కాదు, వెనక నిలబడ్డవాళ్ల దిక్కు తిరిగి, 'ఏమ్రా, చచ్చిండా, చావలేదా?' అని అడిగేవాడు. చీకట్లో ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. అబద్ధం చెప్పేవాళ్లు లేరని నేను అనను. పదిమంది చూసిన దాని మీద అబద్ధం నిలబడేది కాదు, అంతే. తేలకపోతే అన్నే తీర్పు చెప్పేవాడు: 'కరెంటు వచ్చినంక మొదటి ఆట నీదే, పో.' అగ్గిపుల్ల గీసి తాళం తీసి, చిన్న తలుపు తెరిచి, లోపలి డబ్బాలోంచి రూపాయి తీసి చేతిలో పెట్టిన రోజులూ ఉన్నాయి. ఒక్క రూపాయి కోసం ఒక పెద్దమనిషి, పదిమంది సాక్షులు, ఒక విచారణ. పన్నెండేళ్ల వయసులో మాకు న్యాయం అంటే ఏమిటో అక్కడే తెలిసింది.

ఇప్పుడు చూడండి. మా అన్న కొడుకు తొమ్మిదో తరగతి. వాళ్ల నాయన ఫోన్లో ఒక ఆటలో తుపాకికి రంగు కొన్నాడు. తుపాకి కాదు, దాని మీద వేసే రంగు! పైసలు రెండుసార్లు కట్ అయ్యాయి, రంగు మాత్రం రాలేదు. ఎవర్ని అడగాలి? ఫిర్యాదు పెట్టాం. మీ ఫిర్యాదు అందింది అని ఒక జవాబు, నాలుగు రోజులకు మళ్లీ అదే జవాబు. పిలగాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాడి బాధ పైసలది కాదని నాకు అర్థమైంది. తనకు జరిగింది అన్యాయమని ఒప్పుకునే మనిషి ఒక్కడు కూడా దొరకలేదు వాడికి. వాడు ఆడుతుంటే చూసినవాళ్లు లేరు. వాడితో కలిసి ఆడినవాళ్లు ఏ దేశంలో ఉన్నారో, వాళ్ల అసలు పేర్లేమిటో వాడికే తెలియదు.

మళ్లీ మా రోజులకు వస్తే, నాగర్‌కర్నూల్‌లో మేనత్త ఇంటి దగ్గర కథ కొంచెం వేరు. అక్కడ వీడియో క్యాసెట్ల షాపువాళ్లు వీసీపీతో పాటు గేమ్ సెట్టు కూడా కిరాయికి ఇచ్చేవాళ్లు. 1983లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కు నకలు అది, క్యాసెట్ మీద 9999 ఆటలు అని అచ్చు వేసి ఉండేది, తిప్పి తిప్పి చూస్తే ఇరవై ముప్ఫై. బావలం, బామ్మర్దులం పైసలు పోగేసి ఒక రాత్రికి తెచ్చుకునేవాళ్లం. అందులో కాంట్రా ఆడినవాళ్లకు జలపాతం స్టేజీ గుర్తుండే ఉంటుంది. ఇద్దరూ రాళ్ల మీద నుంచి పైకి ఎగబాకాలి. ముందువాడు ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది, వెనకవాడు కింద అంచుకు చిక్కితే చస్తాడు. శత్రువు తూటా తగలక్కర్లేదు, మనవాడి తొందరే చాలు. కాబట్టి ఆడటం వచ్చినవాడు రానివాడి కోసం రాయి మీద ఆగాలి. 'ఆగురా బావా, నేను రాలేదింకా' అని అరిచిన అరుపులు ఆ ఇంటి మిద్దె మీద ఎన్ని రాత్రులు వినిపించాయో! ఆగనివాడికి మరుసటి రాత్రి జోడీ దొరికేది కాదు.

కాంట్రాలో ముప్ఫై లైఫులు ఇచ్చే మంత్రం కూడా అట్లా నోటి మీదుగానే వచ్చింది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ. కజుహిసా హషిమోతో అనే జపాన్ ఇంజనీరు 1986లో గ్రేడియస్ ఆటను ఫామికామ్‌కు మారుస్తూ, అది తనకే కష్టంగా ఉందని, పరీక్షించడానికి వీలుగా పెట్టుకున్న మీటల వరస అది. తర్వాత కాంట్రాలోకీ వచ్చింది. ఆయన 2020 ఫిబ్రవరిలో చనిపోయాడని చదివినప్పుడు నాకు మనసులో కలుక్కుమంది. ఇంటర్నెట్ లేని రోజుల్లో ఆయన వేళ్ల వరస కేసరి సముద్రం చెరువు ఒడ్డున ఉన్న నాగర్‌కర్నూల్ దాకా ఒక్క అక్షరం తప్పిపోకుండా చేరిందంటే, పిల్లలు పిల్లలకు చెప్పుకోబట్టే. ఇప్పుడు అన్నీ వీడియోల్లో ఉన్నాయి. ఒకడి దగ్గర నేర్చుకుని వాడికి రుణపడే అవసరమే లేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనడం లేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఆడే రమ్మీ లాంటివాటిని ఆపింది. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధించింది, మరుసటి ఏడాది అది బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. చాలా మంచి పని, ఇంకా ముందే చేయాల్సింది. కానీ పిలగాడి చేతిలోంచి ఒకటి లాక్కున్నప్పుడు, మరి ఎక్కడ ఆడుకోవాలి అని వాడు అడిగితే చూపించడానికి మన దగ్గర ఏముంది?

హైదరాబాద్ మాల్ అంటారు. పోయాను, పిల్లల్ని తీసుకుని. అక్కడ బిళ్ల లేదు, కార్డు. ముందే వందలకు వందలు అందులో వేయించుకుంటారు, గీసిన ప్రతిసారీ ఎంత పోయిందో పిల్లలకు తెలియదు. మా చేతిలో రూపాయి బిళ్ల వేడెక్కి చెమట పట్టేదాకా పట్టుకుని, వేయాలా వద్దా అని ఆలోచించి వేసేవాళ్లం. పైగా ఆ మాల్‌లో ఒకరు ఆడుతుంటే వెనక నిలబడి చూసేవాడు లేడు. నిలబడితే అక్కడి స్టాఫ్ వచ్చి కార్డు ఉందా అని అడుగుతున్నారు.

మా షాపుల్లో అన్నీ బంగారం అని చెప్పను. సిగరెట్టు పొగ ఉండేది, పెద్ద పిలగాళ్లు చిన్నవాళ్ల బిళ్లలు గుంజుకునేవాళ్లు. అన్నిటికంటే పెద్ద లోపం, ఆడపిల్లలు గడప తొక్కేవాళ్లు కాదు. మా చెల్లెలు కాంట్రాలో నా కంటే నయం, అయినా షాపు లోపల ఎట్లా ఉంటుందో తనకు తెలియదు. ఇప్పుడు తన బిడ్డ ఫోన్లో ఎవరికీ భయపడకుండా ఆడుతుంది. ఈ ఒక్క విషయంలో ఇప్పటి కాలానికి నేను మనస్ఫూర్తిగా ఓటేస్తాను.

మా షాపులే కాదు, ఈ ఆటలు పుట్టిన జపాన్‌లో కూడా గేమ్ సెంటర్లు తగ్గిపోతున్నాయి. సెగా లాంటి సంస్థే 2022 జనవరిలో ఆ వ్యాపారంలో మిగిలిన వాటాను అమ్మేసుకుంది. మా ముస్తఫా ఆటనైతే కొనుక్కుందామన్నా దారి కనిపించదు. మార్క్ షుల్జ్ అనే ఆయన గీసిన అమెరికన్ కామిక్ దానికి మూలం, కాబట్టి హక్కులు క్యాప్‌కామ్ ఒక్కదానివే కావు. క్యాప్‌కామ్ 2018లో తన పాత కొట్లాట ఆటలు ఏడింటిని కలిపి అమ్మింది, అందులో ఇది లేదు. పాలమూరు పిల్లలకు ప్రాణమైన ఆట పెట్టెలోకి ఎక్కలేదు.

అయినా అట్లాంటి గది మళ్లీ తెరవడం అసాధ్యమైన పని కాదు. ప్లైవుడ్ కొట్టే వడ్రంగులు మూడు ఊళ్లలోనూ ఉన్నారు, జాయ్‌స్టిక్‌లు, బటన్లు దొరుకుతాయి. గద్వాలలోనో వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఎవరైనా కుర్రాడు బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని నాలుగు మిషన్లు పెడతానంటే మొదటి ఏడాది కరెంటు బిల్లులో సగం నేను కడతాను. నా షరతులు మూడే. కార్డు వద్దు, బిళ్ల ఉండాలి. మిషన్ వెనక పదిమంది నిలబడి చూసే జాగా వదలాలి. అందులో ఆడపిల్లలు కూడా నిలబడేట్టు చూసుకోవాలి.