విశ్వాసం పెంచుకోండి, సాయంత్రం అయిదులోగా

మనకు నాయకుల కొరత లేదు. నాయకత్వం మీద శిక్షణలకు అసలే లేదు. జిల్లా కేంద్రంలో ఏసీ హాలు ఒకటి ఖాళీగా కనబడితే చాలు, ‘నమ్మకాన్ని నిర్మించడం ఎలా’ అంటూ ఎవరో ఒకరు ప్రొజెక్టర్ బిగించేస్తున్నారు. బడి హెడ్మాస్టర్లకు, బ్యాంకు మేనేజర్లకు, సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్లకు అందరికీ అదే పాఠం, అదే స్లైడు. రెండు చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వెనకాల సూర్యుడు ఉదయిస్తుంటాడు.

ఈ శిక్షణల్లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. నమ్మకం ఎప్పుడూ కింద కూర్చున్నవాళ్లలోనే లోపించి ఉంటుంది. పైన కూర్చున్నవాళ్లలో లోపించిన దాఖలా ఇంతవరకూ ఏ స్లైడులోనూ కనబడలేదు. అందుకే శిక్షణంతా హెడ్మాస్టర్లకు, జ్యోతి ప్రజ్వలన మాత్రం పై అధికారులకు. జ్యోతి వెలిగిన మరుక్షణం వారికి ఇంకో మీటింగు గుర్తొస్తుంది.

అలాంటి హాల్లోకి ఒకసారి తొంగి చూద్దాం. గుమ్మం పక్కనే ఒక అట్టపెట్టె. సెల్‌ఫోన్లు అందులో వేసి లోపలికి వెళ్లాలి. లేకపోతే పాఠం వినరని నిర్వాహకుల నమ్మకం. దాని పక్కన సంతకాల రిజిస్టరు. పొద్దున ఒక సంతకం, టీ తర్వాత ఒకటి, భోజనమయ్యాక ఒకటి, వెళ్లేముందు ఒకటి. సంతకం పెట్టి జారుకుంటారని ఇంకో నమ్మకం. అదీ చాలక మధ్యమధ్యలో హాలు మొత్తాన్ని ఫొటో తీసి పైవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడుతుంటారు. ఇన్ని జాగ్రత్తలయ్యాక రిసోర్స్ పర్సన్ గారు మైకందుకుని, ‘మనం ముందుగా ఒకరినొకరు నమ్మడం నేర్చుకోవాలి’ అంటారు.

తర్వాత ఆట. ఒకరు కళ్లు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనకున్నవారు పట్టుకోవాలి. రిటైర్మెంటు దగ్గరపడ్డ హెడ్మాస్టరు గారొకాయన లేచారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, వెనక నిలబడ్డ పక్క మండలం హెడ్మాస్టరుతో ‘కాస్త చూసుకోండి మాష్టారూ, నడుం ఆపరేషనయింది’ అని పడ్డారు. ఆయన పట్టుకున్నారు. హాలంతా చప్పట్లు. నిజానికి ఆ ఇద్దరి మధ్య నమ్మకానికి ఏనాడూ లోటు లేదు. ఏళ్ల తరబడి టెన్త్ పరీక్షల డ్యూటీల్లో, ఎన్నికల బూత్‌లలో ఒకరినొకరు కాచుకుంటూ వచ్చినవాళ్లే. తాము పడిపోయేటప్పుడు వెనక నిలబడవలసిన అసలు మనిషి ఎవరో కూడా వాళ్లకు తెలుసు. ఆయన పొద్దున్నే జ్యోతి వెలిగించి వెళ్లిపోయారు.

చివర్లో అభిప్రాయ సేకరణ. ‘పేరు రాయక్కర్లేదు, నిర్భయంగా రాయండి’ అన్నారు. కాగితం పైవరసలో మాత్రం బడి యూడైస్ కోడు, హోదా రాయమని ఉంది. బడికి హెడ్మాస్టరు ఒక్కరే ఉంటారు గనక అందరూ ‘ఎక్సలెంట్’ మీదే నిర్భయంగా టిక్కు పెట్టారు. శిక్షణ నూటికి నూరు శాతం విజయవంతం. పెట్టెలోంచి ఫోను చేతికొచ్చేసరికి గ్రూపులో మెసేజీ: ‘అత్యవసరం. ఈ ప్రొఫార్మా సాయంత్రం 5 లోగా పంపవలెను. పంపని వారి సంజాయిషీ కోరబడును.’ అప్పటికి టైము అయిదుంబావు. అందరూ కలిసి ‘నోటెడ్ సార్’ అని కొట్టారు.

హాలు సంగతి అలా ఉంచితే, బడి సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు 16న టీచర్లకు ముఖ హాజరు మొదలైంది. సొంత ఫోనులో, సొంత డేటాతో యాప్ వేసుకుని, ఉదయం తొమ్మిదిలోగా తన ముఖం తానే చూపించుకోవాల్సి వచ్చింది. నిమిషం దాటినా సెలవు కిందే జమ అన్నారు. మొదట్లోనే యాప్ మొరాయించింది. ‘ఫోన్లు మీరే కొనివ్వండి’ అని సంఘాలు గట్టిగా పట్టుబట్టాక గడువు పొడిగించారు. అంతకుముందే బడి మరుగుదొడ్లను రోజూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కించే మహత్కార్యం కూడా పంతుళ్ల నెత్తినే పడింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫొటోల పీడ వదిలింది. తెలంగాణలో పిల్లల ముఖాలతో మొదలుపెట్టి, 2025 ఆగస్టు నుంచి టీచర్ల ముఖాల దాకా వచ్చారు. జెండాలు మారాయి, మంత్రులు మారారు, యాప్‌ల పేర్లు మారాయి. ముఖం మాత్రం చూపించాల్సిందే.

డీఎస్సీ గట్టెక్కి, సర్టిఫికెట్ల పరిశీలన దాటి ఉద్యోగంలోకి వచ్చిన మనిషి నలభై మంది పిల్లల్ని అప్పగించడానికి పనికొస్తాడు. లక్షల ఓట్లున్న ఎన్నికలు నడపడానికి పనికొస్తాడు. ‘నేను బడికి వచ్చానండీ’ అంటే నమ్మడానికి మాత్రం పనికిరాడు. అందుకే ఏజెన్సీ బళ్లలో టీచరు సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ ఫోను ఆకాశానికెత్తి ముఖం తిప్పుతుంటే, పిల్లలు వరండాలో కూర్చుని చూస్తుంటారు. మొదటి పీరియడులో వాళ్లు నేర్చుకునే పాఠం అదే.

‘అనుమానం ఊరికే పుట్టిందా?’ అంటారు పెద్దలు. ఊరికే పుట్టలేదు. 2003లో దేశవ్యాప్తంగా ముందు చెప్పకుండా బళ్లకు వెళ్లి చూస్తే ప్రతి నలుగురు టీచర్లలో ఒకరు బళ్లో లేరు. ఆ నిజాన్ని ఏ సంఘమూ కాదనకూడదు. పిల్లల పేరు మీద జీతం తీసుకుని రియల్ ఎస్టేట్ చేసుకున్న పంతుళ్లను ఊళ్లూ ఎరుగును. అయితే అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2017లో ఆరు రాష్ట్రాల్లో 619 బళ్లు చూసి చెప్పిన లెక్క ఇంకొకటుంది. బళ్లో లేనివాళ్లు 18.5 శాతం. వాళ్లలో ఏ కారణమూ లేకుండా ఎగ్గొట్టినవాళ్లు మొత్తం టీచర్లలో 2.5 శాతం. తక్కినవాళ్లలో కొందరు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు, మిగతావాళ్లు సర్కారు పని మీదే ఉన్నారు. ఓటర్ల జాబితా పట్టుకుని వీధులు తిరగమన్నదీ, కాంప్లెక్స్ మీటింగుకు రమ్మన్నదీ, నమ్మకం నిర్మించుకోవడానికి జిల్లా కేంద్రానికి పొమ్మన్నదీ శాఖే. ఆనక బళ్లో ఎందుకు లేవని అడిగేదీ శాఖే.

‘కెమెరా పెడితే పని జరుగుతుందని నోబెల్ గ్రహీతే తేల్చారు కదా’ అన్న వాదన కూడా వినబడుతుంటుంది. తేల్చిన మాట నిజమే. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లాలో సేవా మందిర్ అనే సంస్థ నడిపే ఏకోపాధ్యాయ కేంద్రాల్లో ఆ గ్రహీత ఎస్తర్ డఫ్లో బృందం కెమెరాలిచ్చింది. తేదీ, సమయం పడే ఫొటోలను బట్టి, వచ్చిన రోజులను లెక్కగట్టి జీతమిచ్చారు. గైర్హాజరు 42 శాతం నుంచి సగానికి పడిపోయింది. మన పెద్దలు ఇంతవరకే చదివి పుస్తకం మూసేస్తారు. అదే జిల్లాలో, అదే సంస్థతో కలిసి, ప్రభుత్వ నర్సుల మీద చేసిన ఇంకో ప్రయోగం తర్వాతి పేజీలో ఉంటుంది. అక్కడా టైము ముద్ర పడే యంత్రాలే పెట్టారు. మొదట్లో నర్సులు బాగానే వచ్చారు. ఆపైన ఆరోగ్య శాఖ అధికారులే ‘ఈ రోజు మినహాయింపు, ఆ రోజు మినహాయింపు’ అంటూ రాసివ్వడం మొదలుపెట్టారు. పదహారు నెలలు తిరిగేసరికి యంత్రం ఉన్న చోటికీ లేని చోటికీ తేడా మిగల్లేదు.

యంత్రం రెండు చోట్లా ఉంది. మొదటిచోట ‘ఇన్ని రోజులొస్తే ఇంత ఇస్తాం’ అన్నవాళ్లు అంతా ఇచ్చారు. రెండోచోట నియమం పెట్టిన ఇంట్లోనే నియమానికి గండి పడింది. కెమెరా కూడా చివరికి పైవాడి మాట మీదే నడుస్తుందన్నమాట. ఈ ముక్క స్లైడులో వేస్తే జ్యోతి వెలిగించేవారికి ఇబ్బంది గనక వేయరు.

సర్కారు సంగతి చూసి ప్రైవేటువాళ్లు మురిసిపోనక్కర్లేదు. ‘మనమంతా ఒకే కుటుంబం’ అని గోడ మీద రంగుల్లో రాసుకున్న జూనియర్ కాలేజీలో లెక్చరర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉంటాయి. తాళంచెవి కుటుంబ పెద్ద దగ్గరుంటుంది. జీతం మాత్రం రెణ్ణెల్లు వెనక నడుస్తుంటుంది. క్లాసు క్లాసుకూ కెమెరా, ప్రిన్సిపాల్ గదిలో గోడ నిండా తెరలు. పాఠం బాగుందా లేదా అని ఆ తెర చెప్పదు, కూర్చుని చెప్పాడా నిలబడి చెప్పాడా అన్నది చెబుతుంది. కుర్చీలు తీసేయడానికి ఆ సమాచారం చాలు.

కంపెనీల్లో ఇంకాస్త నాజూకు. వెల్స్ ఫార్గో అనే అమెరికా బ్యాంకు, హైదరాబాద్‌లోనూ పెద్ద ఆఫీసున్నదే, కీబోర్డు మీద పనిచేస్తున్నట్టు నటించారని డజను మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసిన సంగతి 2024లో బయటికొచ్చింది. నటన తప్పే. పైనుంచి దిగిన అమ్మకాల టార్గెట్ల దెబ్బకు ఖాతాదారులకు తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచి, 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టిన బ్యాంకు కూడా అదే. అప్పుడు నటించింది ఏకంగా బ్యాంకు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ.

మనవాళ్లూ తక్కువ తినలేదు. సత్యం కంప్యూటర్స్‌కు 2008లో కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, బ్యాంకులో ఉన్నాయని చూపిన వేల కోట్లు లేవని కంపెనీ చైర్మన్ రామలింగరాజు ఉత్తరం రాశారు. అవార్డు వెనక్కి తీసుకున్నారు. ఆ కంపెనీలో ఉద్యోగులు రోజూ గేటు దగ్గర కార్డు గీకి లోపలికెళ్లినవాళ్లే. వాళ్ల రాకపోకలన్నిటికీ నిమిషాలతో సహా లెక్క ఉంది. లెక్క తేలనిది పై అంతస్తులో.

మరి నమ్మకం ఎలా పుడుతుంది? దీని మీద పనిగట్టుకుని చూసినవాళ్లున్నారు. ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అని ఇద్దరు పరిశోధకులు షికాగో బళ్లను ఏళ్ల తరబడి గమనించి 2002లో పుస్తకం వేశారు. పెద్దవాళ్ల మధ్య నమ్మకం గట్టిగా ఉన్న బళ్లలో రెండింట ఒకటి చదవడంలో, లెక్కల్లో పైకొచ్చింది. నమ్మకం సన్నగిల్లిన బళ్లలో ఏడింట ఒకటి. వాళ్లు చూసినవి నాలుగే. ఎదుటివాడి మాట వింటున్నారా, పని చేతనవునా, అన్నమాట మీద నిలబడతారా, సాటి మనిషి బాగోగులు పట్టించుకుంటారా. అధికారం ఎవరి చేతిలో ఎక్కువుందో వాళ్లే ముందడుగు వేయాలని కూడా చెప్పారు. వెనక్కి పడే ఆట గురించి ఒక్క ముక్కా చెప్పలేదు.

ఇది మన బళ్లలో తెలియనిదేం కాదు. మార్కులు తగ్గాయని ఊళ్లో పలుకుబడి ఉన్న తండ్రి నలుగురిని వెంటేసుకుని క్లాసు మీదికొచ్చినప్పుడు, కొందరు హెడ్మాస్టర్లు ఎదురెళ్లి ‘రండి, ముందు నా గదిలో కూర్చోండి, నాతో మాట్లాడండి’ అంటారు. వచ్చినవాళ్లు వెళ్లాక తలుపేసి ‘పేపర్లు సరిగ్గా దిద్దలేదమ్మా, ఇది నీ తప్పే’ అని టీచర్‌కు గట్టిగానే చెబుతారు. ఆ టీచరు మర్నాడు అందరికంటే ముందొస్తుంది. ఇంకొందరు ఆ తండ్రి ఎదుటే టీచర్ని పిలిచి మెమో చేతిలో పెట్టి, శనివారం నాడు నమ్మకం మీద సర్క్యులర్ చదువుతారు. స్టాఫ్ రూములో ఎవరికి ఎంత విలువుందో ఏ యాప్ అక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

యాప్‌లంటే అంత ఇష్టమైతే కాదనేదేముంది, ఇంకో రెండు చేయించుకుందాం. బళ్లో వంటచేసే ఆయమ్మ మధ్యాహ్న భోజనం బిల్లు ఏ బల్ల మీద ఎన్నాళ్లుగా పడుకుందో, ఆ ఫైలును ఆ సెక్షను సారు రోజూ తొమ్మిదిలోగా ఫొటో తీసి, లొకేషన్‌తో సహా ఎక్కించాలి. నిమిషం దాటితే వారికీ సెలవే. మెడికల్ రీయింబర్స్‌మెంటుకూ, జీపీఎఫ్ అప్పుకూ, డీఏ బకాయికీ అదే పద్ధతి. ‘చూద్దాం’ అన్న మాట నోటినుంచి వెలువడగానే గడియారం తిరగడం మొదలై, ముప్పై రోజుల్లో చూడకపోతే ఆ అధికారి సంజాయిషీ ఆ హెడ్మాస్టరుకు రావాలి, అదీ సాయంత్రం 5 లోగా. ఇదంతా అవమానంగా ఉందని ఎవరైనా నొచ్చుకుంటే, అది తెలియడానికే పెట్టామని నచ్చజెప్పొచ్చు.

నిజానికి అదీ అక్కర్లేదు. ఏ బళ్లో ఏ టీచరు నెలకు నాలుగుసార్లు కనబడి రిజిస్టరు మొత్తం నింపేస్తాడో ఎంఈఓకు తెలుసు, ఊరికి తెలుసు, మూడో తరగతి పిల్లాడికి తెలుసు. ఆయన వెనక ఏ నాయకుడున్నాడో కూడా అందరికీ తెలుసు. ఆ ఒక్కడికి మెమో ఇచ్చే దమ్ము లేకనే, రోజూ టైముకొచ్చే లక్షమంది ముఖాలు పరీక్షిస్తున్నారు.