గేర్లు వద్దు, మ్యాపు వద్దు, సద్దిమూట వద్దు

వియత్నాంలోనో ఫ్రాన్సులోనో ఒంటరిగా సైకిలు యాత్ర చేస్తాం, ఏ సైకిలు కొనమంటారు అని ఈ మధ్య నరసరావుపేట కుర్రాళ్ళు నన్ను అడుగుతున్నారు. ఏదీ కొనొద్దంటాను. ఇంట్లో మూలపడ్డ మీ నాన్న సైకిలు దులిపి, పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల దాకా ఒక్కరోజు తొక్కిరండి. దాదాపు 80 కిలోమీటర్లు. పరాయి దేశంలో పనికొచ్చేదంతా ఈ దారిలోనే దొరుకుతుంది. నేను చెప్పేవి సైకిలు క్లబ్బులవాళ్ళ మాటలకు అడ్డంగా ఉంటాయి. తెలిసే చెబుతున్నాను.

మొదటిది, గేర్ల సైకిలు వద్దు. నేనూ తొలిసారి దాని మీదే వెళ్ళాను. గురజాల ఇవతల తుమ్మముల్లు దిగింది. దగ్గర్లో ఊరుంటే షాపు దాకా నడిపించుకెళ్ళాను. పెద్దాయన ట్యూబు బయటికి లాగి, నీళ్ళ తొట్లో జానెడు జానెడుగా ముంచుతూ, బుడగలొచ్చిన చోట వేలు అదిమిపెట్టాడు. తుడిచి, ఉప్పుకాగితంతో గీకి, సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఊది, ముక్క అతికించాడు. పావుగంట పని. తీరా గాలి కొట్టబోతే ఆ సన్నటి వాల్వుకి ఆయన పంపు పట్టలేదు. "దీనికి మా ఊళ్ళో గాలి లేదబ్బాయా" అన్నాడు, తప్పు తనదైనట్టు. రైల్వే స్టేషను దాకా తోసుకుంటూ పోయాను.

ఇప్పుడు నాది పాత నల్ల సైకిలు. ముందు 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకి 18. ఒక్క చుట్టు తొక్కితే ఐదు మీటర్లకు పైగా లాగుతుంది. బరువే, కాదనను. ఎత్తొస్తే దిగి నడుస్తాను. కానీ పెడలు పిన్ను వదులైనా, ఊచ విరిగినా, చైను తెగినా ఏ ఊళ్ళోనైనా బాగుచేసే మనిషి ఉంటాడు.

ఇది నా మొండితనమే అనుకోకండి. ఐర్లండుకు చెందిన డెర్వ్లా మర్ఫీకి పదేళ్ళప్పుడు ఒక పాత సైకిలూ ఒక అట్లాసూ బహుమతిగా వచ్చాయి. ఇండియా దాకా తొక్కుకుంటూ పోవాలని అప్పుడే అనుకుంది. 1963లో ఒంటరిగా బయల్దేరి యూరప్, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటి ఢిల్లీ చేరింది. బయల్దేరేముందు తన సైకిలుకున్న మూడు గేర్ల సరంజామా పీకించేసింది. ఆసియా రోడ్లకి అది నిలవదని ఆమె లెక్క. నాకు ఆ లెక్క గురజాల దగ్గర తెలిసింది.

రెండోది, మ్యాపు చూడొద్దు. ఫోను సంచి అడుగున ఉండనివ్వండి, ఆపద వస్తే తీయడానికి. మ్యాపు మిమ్మల్ని సున్నపు లారీల వెంట పెద్దరోడ్డు మీదే తోలుతుంది. దారి అడిగితే లోపలి ఊళ్ళ గుండా పంపిస్తారు. ఇద్దరినైనా అడగండి, ఎందుకంటే మొదటివాడు తనకి తెలియకపోయినా మర్యాద కొద్దీ ఏదో ఒక వైపు చెయ్యి చూపిస్తాడు. "ఏ ఊరయ్యా, ఎవరి తాలూకు?" అని ఎదురు ప్రశ్నలొస్తాయి. "బండి కొనుక్కోలేకపోయావా" అని జాలిపడతారు కూడా. ఓపిగ్గా జవాబు చెప్పండి. అందుకే ఒంటరిగా పొమ్మంటున్నాను. నలుగురు కలిసి వెళ్తే ఆ నలుగురూ వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు. ఇంట్లో మాత్రం చెప్పి బయల్దేరండి.

మూడోది, తిండి మోయొద్దు. నీళ్ళు మోయండి, రెండు సీసాలకు తక్కువ కాకుండా. తిండి ఎవరు పెట్టినా వద్దనొద్దు. శ్రీనాథుడు ఈ పల్నాడొచ్చి జొన్నకూడు తినలేక, ఆ విసుగంతా చాటువుల్లో పెట్టాడు. అంత మహాకవి బాటసారిగా ఓడిపోయాడనే నా అభిప్రాయం. బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని చెప్పుకునే సీమ ఇది. గురజాలలో దారి వదిలి కారంపూడి వెళ్ళండి, కిలోమీటర్లు పెరిగినా సరే. నాగులేరు ఒడ్డున పల్నాటి వీరుల గుడి చూడండి. కార్తీక అమావాస్య నుంచి ఐదురోజులు జరిగే ఉత్సవాల్లో ఒకరోజుని మందపోరు అంటారు. ఆ రోజు చాపకూడు పెడతారు. ఆ రోజుకి అక్కడుంటే మీరూ కూర్చోండి. సాయంత్రానికి మాచర్ల చేరకపోతే చేరకపోనీండి.

నాలుగోది, ఎండెక్కకముందే పరుగున ముగించాలని చూడొద్దు. పదకొండింటికి ఆగి నాలుగింటి దాకా చెట్టు కింద పడుకోండి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మీ దారిలోనే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో అసలు బయల్దేరొద్దు. ఈ ఒక్క విషయంలో క్లబ్బులవాళ్ళదీ నాదీ ఒకటే మాట. ఫిబ్రవరి మంచిది. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉంటాయి. ఆ ఘాటుకి రోడ్డు మీద పోతున్న మనకే తుమ్ములొస్తాయి. తలగుడ్డ ముక్కుకి కట్టుకుని తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు పొద్దున్నుంచీ అందులోనే ఉంటారు. కాసేపు ఆగి పలకరించండి.

మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి దగ్గర దిగి కాళ్ళు కడుక్కోండి. వియత్నాం సంగతి ఆ తర్వాత మాట్లాడదాం. బయల్దేరేముందు మాత్రం జానెడు వాల్ ట్యూబు కొని జేబులో వేసుకోండి. ఆ చిన్న రబ్బరు గొట్టం చీలితే మంచి ట్యూబులో కూడా గాలి నిలవదు.