గజం ధర వచ్చింది, ఊరు రాలేదు

మా రోజుల్లో భోగాపురం చుట్టుపక్కల పొలం బేరానికి వచ్చిందంటే పెద్దలు గట్టు మీద నిలబడి రెండే మాటలు అడిగేవారు. నుయ్యి ఉందా? ఏం పండుతుంది? గోగు ఏపుగా వస్తుందా, చోళ్లు నిలుస్తాయా, జీడి కాపు ఎలా ఉంటుంది అని ఆరా తీసి, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసి, అప్పుడు ధర మాట ఎత్తేవారు. ఇప్పుడు ఆ మట్టి వైపు చూసేవాడే లేడు. ఎయిర్‌పోర్టుకి ఎంత దూరం, హైవేకి ఎంత దూరం, గజం ఎంత? అంతే. గజాల లెక్క మా చిన్నతనంలో విజయనగరం టౌన్లో, గంటస్తంభం చుట్టుపక్కల వినిపించే మాట. ఇవాళ సవరవిల్లి, పోలిపల్లి దగ్గర జీడితోటలు కూడా గజాల్లోకి దిగిపోయాయి.

విమానాశ్రయం రావద్దని నేను అనను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లం ప్రతి పెద్ద అవసరానికీ విశాఖ దారి పట్టినవాళ్లం. మన గడ్డ మీద 3,800 మీటర్ల రన్‌వే వేసి, పక్కనున్న పాండ్రంగిలో పుట్టిన అల్లూరి సీతారామరాజు పేరు దానికి పెడితే నాకూ గర్వమే. 2019 ఫిబ్రవరిలో ఒక శంకుస్థాపన, 2023 మేలో ఇంకొకటి జరిగాయి. రైతులు తిరగబడ్డాక భూసేకరణ తగ్గుతూ తగ్గుతూ వచ్చి 2,203 ఎకరాల దగ్గర ఆగింది. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లకు ఊళ్లే లేచి వేరే చోటుకి పోయాయి. అంత త్యాగం జరిగిన చోట బతకడం సులువు కావాలి కదా! ధర ఒక్కటే ముందుగా వచ్చి కూర్చుంది. నీళ్లు, కాలువ, బస్సు, ఆసుపత్రి దాని వెనకాల ఎక్కడో నడిచి వస్తున్నాయి. నా కడుపుమంట అదీ.

నీళ్ల సంగతే చూడండి. మా వీధిలో గిలక నుయ్యి ఉండేది. ఇసుక నేల కాబట్టి నాలుగు బారలు తవ్వితే తియ్యటి నీళ్లు పడేవి. ఎండాకాలం అడుగంటితే వంతులు వేసుకునేవాళ్లం గానీ, నీళ్లకి పైసా ఇచ్చిన ఇల్లు లేదు. ఇప్పుడు నేనుంటున్న లేఅవుట్లో ఇంటింటికీ బోరు. సముద్రం పక్కన ఇసుక పొరల్లో మంచినీరు తేలిక గనుక పైన నిలుస్తుంది, ఉప్పునీరు బరువు గనుక కింద ఉంటుంది. పైనుంచి అతిగా తోడితే కింద ఉన్నది పైకెక్కుతుంది. మా బోరు నీళ్లు ఇప్పుడు నోట్లో పోసుకోలేం. పప్పు ఉడకదు, బట్టలకి నురగ రాదు. అందుకే ట్యాంకర్.

బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ లెక్కా చెబుతాను. పట్టణంలో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ ప్రమాణం. నలుగురున్న ఇంటికి అది 540 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్ తొమ్మిది రోజులకి ఖాళీ. అంటే నెలకి మూడు ట్యాంకర్లు దాటి కొనాలి. మాకు ప్రభుత్వం ఇవ్వవలసింది ఎంతో తెలుసా? మాది కాగితం మీద పంచాయతీ. పల్లెకి 2019 నాటి జలజీవన్ మిషన్ పెట్టిన ప్రమాణం మనిషికి 55 లీటర్లు. స్థలం కొనేటప్పుడు పట్టణం ధర, నీళ్లు ఇచ్చేటప్పుడు పల్లె కొలత. ఇదెక్కడి న్యాయం? కోటగండ్రేడు దగ్గర చంపావతి మీద బ్యారేజీ కట్టి, ఆ నీరు కుమిలి రిజర్వాయర్‌కి మళ్లించి విజయనగరానికీ ఎయిర్‌పోర్టుకీ ఇస్తామన్న తారకరామ తీర్థసాగరం పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. రన్‌వేకి ఉన్న తొందర ఈ రిజర్వాయర్‌కి ఎందుకు లేదు?

తిండి దగ్గరికి వద్దాం. ముక్కాం నుంచి, చేపలకంచేరు నుంచి చేపల గంపలెత్తుకుని ఆడవాళ్లు పొద్దెక్కకుండానే వీధిలోకి వచ్చేవారు. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు. డబ్బు లేని ఇల్లు చోళ్లో బియ్యమో కొలిచి పోసేది. ఈమధ్య ఆ గంప కనిపించడం లేదని తెలిసినామెను అడిగాను. “ఏటి సేత్తాం మాస్టారూ, వేన్లోల్లు తీరం కాడికే వచ్చి మొత్తం ఎత్తుకుపోతన్నారు. రేటు కూడా బాగా ఇత్తన్నారు” అంది. ఆమెను తప్పు పట్టను. ఆమెకీ పిల్లలున్నారు. కానీ సముద్రపు గాలి తగిలే చోట ఉంటూ, ఐసులో రెండు రోజులున్న చేపని కిలో లెక్కన కొనుక్కోవడం నాకు బాధే. కూరగాయలూ అంతే. పెరట్లో ఆనపపాదు, గట్టు మీద బరబాటీలు, పొలంలో వంగ, బెండ ఉండేవి. ఆ పొలాలే ప్లాట్లయ్యాయి. ఇప్పుడు కాయగూర టౌన్లో మార్కెట్ చూసి, ఆటో ఎక్కి, ఆ కిరాయి కూడా నెత్తిన వేసుకుని మా గుమ్మానికి వస్తోంది.

ఇళ్ల మాట ఇంకా ఘోరం. మా పక్క ఊళ్లలో పెంకుటిళ్లు వరసగా గోడకి గోడ కలిపి ఉండేవి. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే అరుగు. ఇల్లు కట్టాలంటే తాటి దూలాలు మన తోటలోవి, మట్టి మన చెరువుది, చేతులు ఇరుగుపొరుగువి. అప్పు చేస్తే పెంకుకీ తలుపులకీ చేసేవారు. ఇప్పుడు స్థలం కొనేసరికే ఉద్యోగస్తుడి జీవితకాలం సంపాదన అయిపోతోంది. అద్దెకి ఉందామన్నా కష్టమే. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే కుర్రాళ్లు ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుంటున్నారు. ఇక్కడి బడిలో పాఠం చెప్పే టీచరమ్మ, ఇక్కడి ఆసుపత్రిలో సూదిమందు వేసే నర్సు ఈ ఊళ్లో ఉండలేక రోజూ తగరపువలస నుంచో విజయనగరం నుంచో వచ్చిపోతున్నారు. ఊరికి పనికొచ్చే మనిషి ఊళ్లో ఉండలేకపోతే అది ఎలాంటి అభివృద్ధి?

ఆ ప్రయాణమైనా సుఖమా? మా రోజుల్లో చెయ్యెత్తితే బస్సు ఆగేది. రోడ్డు ఇరుకే, కానీ రోడ్డు మాది. ఇప్పుడు ఆరు వరసల హైవే. దూరపు బండ్లు ఆగవు. అవతలి పక్క మందుల షాపుకి పోవాలంటే నా వయసువాడు డివైడర్ సందు దాకా నడిచి, లారీల మధ్య ప్రాణం అరచేత పట్టుకుని దాటాలి. రాత్రి గుండెలో నొప్పి వస్తే విశాఖో, విజయనగరమో, లేకపోతే శ్రీకాకుళమో పోవాలి. కారున్నవాడికి ఇది శివారు. కారు లేనివాడికి ఇది అడవి.

మా లేఅవుట్ వెనక కడపటి వరస ప్లాట్లు ఒకసారి వచ్చి చూడండి. ముందు గేటుకి రంగులేసిన కమాను ఉంది. లోపల రోడ్డు పక్కన సిమెంటు కాలువ కూడా కట్టారు. ఆ కాలువ వెంట నడుచుకుంటూ పోతే చివర అది ఎందులోనూ కలవదు, గోడకి తగిలి ఆగిపోతుంది. అక్కడ ఒకప్పుడు గెడ్డ (వాగు) ఉండేది. దాన్ని పూడ్చి రాళ్లు పాతారు. వానాకాలం నీరంతా వచ్చి ఆ ప్లాట్లలోనే నిలబడుతుంది. వాచ్‌మన్‌గా ఉన్నతను ఆ నీళ్ల వైపు చూపించి, “ఇది మా నాన్న తోటే మాస్టారూ. గెడ్డ పూడ్సొద్దని నాను సెప్పినాను, ఇన్నోడెవుడు?” అన్నాడు. లేఅవుట్ వేసినవాడు పదో వంతు ఖాళీ స్థలంగా వదిలి పంచాయతీకి అప్పగించాలని నిబంధన ఉంది. వదలకుండా అమ్ముకున్నవాడు డబ్బు లెక్కపెట్టుకుని పోతాడు. తర్వాత క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. 2020 నాటి పథకంలో ఆ ఖాళీ స్థలం లోటుకి ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. ఎవరు కట్టాలి? కొన్నవాడు. దోషం ఒకరిది, దండుగ ఇంకొకరిది.

మా తాతల కాలంలో ఇక్కడివాళ్లు పొట్ట చేతపట్టుకుని రంగం (రంగూన్) పోయారు. 2009లో చిట్టివలస జూట్ మిల్లు మూతపడ్డాక ఎన్నో కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఇవాళ్టికీ శ్రీకాకుళం, విజయనగరం కూలీలు హైదరాబాదులో, చెన్నైలో అంతస్తుల మీద అంతస్తులు కడుతున్నారు. పేదరికం మాకు కొత్త కాదు, మా రోజులన్నీ పాలూ తేనే అని నేను చెప్పడం లేదు. అయితే అప్పుడు వలసపోయినవాడు తిరిగొస్తే కాలు మోపడానికి సొంత ఊళ్లో నాలుగు సెంట్లు ఉండేవి. ఇప్పుడు పరాయి ఊళ్లో ఇల్లు కట్టి వచ్చినవాడికి తన ఊళ్లో వంద గజాలు కొనే శక్తి లేదు.

అందుకని అడుగుతున్నాను, గట్టిగానే అడుగుతున్నాను. ప్రతి రిజిస్ట్రేషన్ మీదా మనం కడుతున్న ఏడున్నర శాతంలో ఒకటిన్నర శాతం బదిలీ సుంకం. అది స్థానిక సంస్థలకి చేరవలసిన సొమ్ము. ఎయిర్‌పోర్టు పుణ్యమా అని ఈ మండలంలో చేతులు మారిన భూములన్నిటి మీదా వచ్చిన ఆ సొమ్ము ఎంత, ఏ పంచాయతీకి ఎంత ఇచ్చారు అన్నది గ్రామసభలో చదివి వినిపించండి. ఆ డబ్బుతో ముందు నీళ్ల పైపు వేయండి. కాలువ ఎక్కడ కలుస్తుందో చూపించని లేఅవుట్‌కి అనుమతి ఇవ్వకండి. పూడ్చిన గెడ్డలు తవ్వించండి. హైవే దాటడానికి వంతెన కట్టండి. ఇవన్నీ అయ్యాక గజం ఎంతకైనా అమ్ముకోండి, నేను అడ్డు చెప్పను.