సంచి దించని సంచారిణి

పూర్వము మన యిండ్లలో కాశీయాత్ర యనగా పెండ్లికుమారుడు పందిటి గుమ్మము మొదలు వీథి మలుపు వఱకు చేయు ప్రయాణమే గాని మఱియొకటి గాదు. గొడుగు, పాంకోళ్లు, చేతికఱ్ఱ ధరించి, సంసారముపై విరక్తి పుట్టినట్లు ముఖము పెట్టి, యతడు నాలుగడుగులు వేయునో లేదో బావమఱది యెదురువచ్చి బెల్లపు ముక్క చూపి బతిమాలి వెనుకకు మరల్చుటయు, విరాగి తత్క్షణమే సరాగియై పీటలపై గూర్చుండుటయు జరుగును గనుక, యాత్రాఫలమును భార్యాలాభమును ఒక్క ముహూర్తముననే సిద్ధించుచుండెను. ఈ తంతులో పెండ్లికూతురి చేతికి గొడుగునిచ్చి 'నీవును బోయి రమ్ము' అనిన పురోహితుడు నాకు దెలిసినంతలో లేడు. ఆ లోపమును బూరించుటకే కాబోలు, ఇటీవల మన మధ్యతరగతి గృహములయందు ఒక నూతనజాతి యుద్భవించినది. బెల్లమునకు లొంగక, వీథి మలుపు దాటి, విమానమెక్కి, మేకాంగు నదిలో పడవ యెక్కి, తిరిగివచ్చి, వచ్చిన పిమ్మట కొలువు వెదకికొను నీ జాతికి సంచారిణి యని నామకరణము చేసితిని. వీథికి ఒకతె గలదు. రాజమహేంద్రవరమున మా వీథిలోనిది మా తమ్ముని కూతురే యగుటచే దాని లక్షణములను దగ్గఱనుండి పరిశీలించు భాగ్యము నాకు గలిగినది.

సంచారిణి పుట్టుకతో సంచారిణి కాదు. ఆమె మొదట ఇంజనీరింగు చదివి, హైదరాబాదు గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడయందు నాలుగైదేండ్లు ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములలో తప్పులు పట్టు కొలువు చేసి (తప్పులు పట్టుటకు జీతమిత్తురని ముందుగా దెలిసియుండినచో మా అమ్మ యీపాటికి కోటీశ్వరురాలై యుండెడిది), ఒకానొక సోమవారము ఉదయమున, ట్రాఫిక్కులో కదలని క్యాబులో గూర్చుండి, తనకేదియో గావలెనని గ్రహించును. ఆ యేదియో యేమో యెవ్వరికిని దెలియదు. అది గచ్చిబౌలిలో లేదని మాత్రము నిశ్చయము. అంతట రాజీనామా. రాజీనామా యిచ్చినంతనే లేచిపోవుటకు వీలులేదు; 90 దినముల నోటీసు పీరియడ్ అను నజ్ఞాతవాసము గలదు. ఆ 90 దినములును ఆఫీసు కంప్యూటరు మీదనే లావోసు పడవల వేళలను, వియత్నాము వీసా నియమములను మా పిల్ల పరిశోధించినంత శ్రద్ధతో ఆఫీసు పని చేసియుండినచో, రాజీనామాకు బదులు ప్రమోషను వచ్చియుండెడిది. పిమ్మట సంచి. 50 లీటర్ల సంచి కొన్నానని ఫోనులో చెప్పగా, లీటర్లతో గొలువబడునవి పాలును కిరసనాయిలును మాత్రమే యని యెఱిగిన మా తమ్ముడు కొంతసేపు మాటరాక నిలిచి, "అన్ని నీళ్ళెందుకే తల్లీ, అక్కడ దొరకవా?" అని యడిగెను.

మన జాతికి దేశాటనము క్రొత్త గాదు. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో బయలుదేరి, పల్లకీతో, బోయీలతో, వంటవారితో, సుమారు నూరుగురు పరివారముతో కాశికి బోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. దారిపొడుగునను వ్రాసిన వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. 15 నెలలకు పైబడిన ఆ కాలమునగూర్చి 'ఈ వ్యవధిలో తమరేమి చేయుచుంటిరి?' అని యే యధికారియు వారిని బ్రశ్నించినట్లు ఆ గ్రంథమున లేదు. మా సంచారిణికి పరివారము లేదు, పల్లకీ లేదు. తానే బోయీ, తానే సామాను. ఏడు నెలలే తిరిగినది. అయినను ఆ ప్రశ్న యామెకొఱకు ఇంటిగుమ్మమున కాచుకొనియుండెను. దాని సంగతి తరువాత.

బ్యాంకాకులో దిగి, చియాంగ్ మాయి మీదుగా సరిహద్దు దాటి, లావోసులోని హువాయ్ సాయ్ రేవునుండి మేకాంగుపై రెండు దినముల పడవ ప్రయాణము చేసి, నడుమ పాక్‌బెంగ్ అను కొండపల్లెలో రాత్రి మజిలీ చేసి, లువాంగ్ ప్రబాంగు చేరినది. అచ్చటినుండి ఒక పగలును ఒక రాత్రియు బస్సులో ముడుచుకొని పండుకొని హనోయి. వియత్నాములో మన రూపాయికి సుమారు 300 డాంగులు వచ్చును గనుక దిగిన గంటలోనే మా పిల్ల కోటీశ్వరురాలై, 'ఫో' యను బియ్యపు సేమ్యా పులుసు ఒక గిన్నెడు త్రాగి, 'టిఫినుకి యాభై వేలయింది నాన్నా' అని సందేశము పంపగా, మా తమ్ముడు బి.పి. మాత్ర వేసికొనెను. ఆ పులుసులో నేమి యుండునో మేమడుగలేదు, ఆమెయు జెప్పలేదు. హనోయి అంగళ్లలో ధర విని, పెదవి విఱిచి, వెనుదిరిగి నడచిపోయి, వెనుకనుండి పిలుపు వచ్చు వఱకు లెక్కపెట్టు విద్య నేర్చితినని ఆమె ఘనముగా చెప్పికొనును గాని, అది అన్యాయము. ఆ విద్య తన యేడవయేటనే, తాడితోట బట్టల కొట్లలో తల్లి చీరకుచ్చెళ్లు పట్టుకొని నిలిచి నేర్చినది. ఉత్తరమున హా జాంగ్ కొండలలో మా పి లెంగ్ కనుమను ఒక స్థానిక యువకుని మోటారుసైకిలు వెనుక గూర్చుండి దాటినదట. ఈ విషయము మా యింట నాకు మాత్రమే తెలియును. ఇప్పుడు చదువరులకును దెలిసినది.

సంచారిణి ఛాయాచిత్రముల కొక శాస్త్రము గలదు. అందు కొండ యుండును, లోయ యుండును, మేఘములుండును. వానివంక జూచుచు మనవైపు వీపు పెట్టి నిలిచిన యొక స్త్రీ యుండును. ముఖము కనబడుట ఈ శాస్త్రమున దోషము. ఏడు నెలలలో వేలకొలది చిత్రములు వచ్చినవి. మా తమ్ముడు ప్రతిదానిని పెద్దది చేసి చూచి, సంచి రంగునుబట్టి, "మనమ్మాయే" అని నిర్ధారించుచు వచ్చెను. మా అమ్మ మాత్రము ఫోనును అటునిటు త్రిప్పి, "దీని మొహం ఏమైందిరా?" అని పలుమాఱు కలతపడినది.

కాంబోడియాలో అంకోర్ వాట్ చూచుటకు 62 డాలర్లు చెల్లించి మూడు దినముల టిక్కెట్టు కొనినది. తూర్పు వసారా గోడపై క్షీరసాగరమథనము చెక్కబడియున్నది. ఇతరులు అచ్చట శిల్పసౌందర్యమునకు దన్మయులగుదురు. తప్పులు పట్టు వృత్తి నెత్తుట జీర్ణించినది గనుక మా పిల్ల తలలు లెక్కపెట్టెను. "పెదనాన్నా, దేవతలు ఎనభై ఎనిమిది, రాక్షసులు తొంభై రెండు. టీములు సమానంగా లేవు," అని నాకు సందేశము వచ్చినది. అట్లు లెక్కించుచుండగనే వెనుకనుండి, "ఏ వూరు మా మీది?" అని వినబడెనట. చూడగా నెల్లూరునుండి టూరువారితో వచ్చిన ముప్పదిమంది, తమ వంటమనిషితో సహా. మన దేశపు ముఖము కనబడని చోట్లు వెదకి వెదకి అయిదు నెలలు తిరిగినదానిని, సూర్యవర్మ కట్టించిన విష్ణ్వాలయములో నెల్లూరు పెద్దమ్మలు చుట్టుముట్టి, ఒక్కదానివే వచ్చుండావా, పెండ్లయ్యిందా, ఇంట్లో ఒప్పుకొన్నారా యని మూడు ప్రశ్నలలో జన్మపత్రిక తీసికొని, ప్రాకారపు నీడలో కాగితపు పళ్లెమున పులిహోర పెట్టిరి. మూడుసార్లు వడ్డించుకొన్నదని ఆమెయే యొప్పుకొన్నది. వారిచ్చిన ఆవకాయ సీసా ఆమెతో జావాద్వీపము దాక బోయినది. జావాలో మూడు వారములు. ఈ జావాను చదువరులు గుర్తుంచుకొనవలెను.

పిదప డబ్బు అయిపోయినది. అనగా యాత్ర పరిపూర్ణమైనది.

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యను మాటయందు నమ్మకము గల మా అమ్మ, గుమ్మములో నల్లబడి చిక్కిన మనుమరాలిని జూచి మొదట ఆమె పాదములు నేలనంటినవో లేవో పరికించెను. పాదములు నేలనంటినవి గాని, మనస్సు ఇంకను హాస్టళ్లలోనే యున్నది. అచ్చట ఎనిమిదేసిమంది రెండంతస్తుల మంచములపై నొక గదిలో పండుకొనుటచే అలవడిన మర్యాదలన్నియు ఆమె పుట్టింట నమలుపఱచినది. తిన్న పళ్లెము తానే కడుగును. దీనికి మా మరదలు సంతోషింపక, "చుట్టపుచూపుగా వచ్చినదానిలా కడిగేసుకుంటోంది బావగారూ," అని కన్నీరు పెట్టుకొన్నది. బీరువాకు సొంత తాళము. రాత్రి పది దాటిన పిమ్మట దీపము వేయరాదు గనుక నుదుట టార్చి కట్టుకొని మునివ్రేళ్లపై మంచినీళ్లకు బోవుచుండగా మా అమ్మ చూచి వేసిన కేకకు నాలుగిండ్లవారు లేచిరి. అన్నిటికంటె ఘోరము ఫ్రిజ్జులో జరిగినది. హాస్టలు వంటగదులలో ఎవరి తిండి వారిదని తెలియుటకు పేరును, ఖాళీ చేయు తేదీయు వ్రాసి అంటింతురట. ఒకనాటి యుదయమున పెరుగుగిన్నెపై ఆమె పేరును, ఆదివారమను మాటయు వ్రాసిన చీటి కనబడెను. "ఆదివారం ఎక్కడికే?" అని తల్లి గద్గదస్వరమున నడుగగా, "ఎక్కడికీ కాదమ్మా, అలవాటు," అనెను. కాని సంచి మాత్రము విప్పబడలేదు. వచ్చిననాడు మూలన నిలిపినది నిలిపినట్లే, బొడ్డుపట్టీలు బిగించి, నెలలు గడచినను అటులే నిలిచియున్నది. దానిని అటకమీద బెట్టుట కెవ్వరికిని ధైర్యము చాలలేదు.

ఇట్లుండగా పెండ్లిళ్ల పేరయ్య ఫోటో యడిగెను. వేల చిత్రములు వెదకినను ముఖమున్నది దొరకలేదు. ఎట్టకేలకు దొరికినది అంకోర్ టిక్కెట్టు. దానిపై కొన్నవారి బొమ్మ నచ్చటనే తీసి యచ్చువేయుదురు. చెమటతో, క్యూలో నిలిచిన కోపముతో, నేరస్థుల పట్టికనుండి తీసినట్లున్న ఆ ముఖమునే మా మరదలు పంపెను. పేరయ్య మఱునాడు ఫోను చేసి, "అమ్మాయి బాగానే ఉందమ్మా, కానీ మూడు రోజులని రాసుందేమిటి?" అని వినయముగా నడిగెను.

ఇంక ఉద్యోగము. ఏడు నెలలు పరదేశులు ఎచ్చటనుండి వచ్చితివి, ఎచ్చటికి పోవుదువు అని రెండే యడిగిరి. రెంటికిని ఆమెకడ సమాధానము లుండెను. మా వీథివారు అడుగునది మూడవది: "అమ్మాయి ఏం చేస్తోంది?" దానికి మా తమ్ముడు, "చూస్తోందండీ," అనును. ఏమి చూచుచున్నదో అడుగకముందే గేటు వేయును. ఆమె లేని కాలమున లోకము మాఱినది. తప్పులు పట్టు పనిని కృత్రిమ మేధకు నేర్పుచున్నారట. అమీర్‌పేట మైత్రీవనము చుట్టునున్న శిక్షణాలయముల బోర్డులపై పేర్లన్నియు క్రొత్తవట. నూటికి పైగా దరఖాస్తులు పంపినది. పిలిచిన ఇద్దఱు ముగ్గురును మొదట అడిగినది 'గ్యాప్' గూర్చియే. ఇంజనీరింగు కళాశాలలలో నాలుగేండ్లు నిద్రించినవారి నెవ్వరును గ్యాప్ అడుగరు. మేలుకొని తిరిగిన యేడు నెలలకు మాత్రము సంజాయిషీ కావలెను. ఆ ఏడు నెలలకు గౌరవప్రదమైన మాటలు వెదకుటకు తెలుగు పంతులుగా పనిచేసిన నన్ను ఆశ్రయించెను. నేను తీర్థాటనము, లోకజ్ఞానార్జనము మొదలగు సమాసములు సూచింపగా జాలితో జూచి, తానే వ్రాసికొనెను: హనోయి బేరములు 'వాణిజ్య సంప్రదింపుల నైపుణ్యము' అయ్యెను, చేతిలో డబ్బులేక అరటిపండ్లు తిని గడపిన వారము 'పరిమిత వనరుల నిర్వహణము' అయ్యెను, బస్సు తప్పి సరిహద్దులో ఏడ్చినది 'అనిశ్చిత పరిస్థితులలో స్థైర్యము' అయ్యెను. అడుగున, తిరిగిన చోట్లన్నియు వరుసగా వ్రాసి, చివర 'జావా, 3 వారములు' అని చేర్చెను.

ఇప్పుడు దరఖాస్తులను ముందుగా మనుష్యులు చదువరు, యంత్రము చదువును. కావలసిన మాటలు కనబడిన కాగితమును మీదికి బంపి తక్కినవానిని చెత్తలో వేయును. జావా యను ద్వీపముండెను; ఆ ద్వీపము పేర కాఫీ వచ్చెను; ఆ కాఫీ పేర కంప్యూటరు భాష వచ్చెను; ఈ వంశవృక్షము యంత్రమున కనవసరము. జావా కనబడినది, మీదికి బంపినది. గచ్చిబౌలిలో నొక కంపెనీనుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చెను. మా మరదలు సత్యనారాయణ వ్రతము మ్రొక్కుకొనెను.

మేనేజరు నలుబదేండ్లవాడు, కంటిక్రింద నలుపు, చేతిలో చల్లబడిన కాఫీ. "మూడు వారాల్లో జావా ఏం నేర్చుకున్నారు?" అని యడిగెను.

"నేర్చుకున్నదేమీ లేదు సార్. యోగ్యకర్తలో దిగి, బొరొబుదూరు, ప్రంబనన్ చూసి, బ్రోమో అగ్నిపర్వతం ఎక్కి దిగాను."

కొంత నిశ్శబ్దము. ఆయన లేచి గది తలుపు మూసెనట. తరువాతి నలుబది నిమిషములలో ఆమె వృత్తిని గూర్చి యొక్క ప్రశ్నయు రాలేదు. ఎంత యైనది, ఒంటరిగా భయము వేయలేదా, నడుమునొప్పి గలవాడు రెండు దినములు పడవలో గూర్చుండగలడా, ఇంట నేమి చెప్పి బయలుదేఱవలెను — ఇవి ప్రశ్నలు. కడపట ఆయన స్వరము తగ్గించి, ఖర్చుల లెక్క వ్రాసికొన్న ఎక్సెల్ షీటు పంపగలవా యని యడిగెను. పంపినది. మూడవనాడు కంపెనీనుండి చింతించుచున్నామని ఉత్తరము వచ్చినది. అదే మధ్యాహ్నము ఆయన సొంత మెయిలునుండి, పడవ టిక్కెట్టు ముందే కొనవలెనా యని మఱియొకటి.

నాలుగు నెలలు గడచినవి. మొన్న దీపములు పెట్టువేళ నేను వారి వసారాలో పత్రిక చూచుచుండగా ఆమె ఫోను మ్రోగెను. తెరమీద 'గచ్చిబౌలి మేనేజర్ సార్' అని చూచి మా మరదలు వంటయింటి గుమ్మములో చేతిగరిటెతో నిలిచిపోయెను. పిల్ల ఫోను చెవిని బెట్టి పెరటివైపు నడచుచు, "పాక్‌బెంగ్ చేరిపోయారా సార్? పడవలో నడుం పట్టేసిందా?" అని మెల్లగా నడిగి, గదుల అద్దె సంగతి రాగానే గొంతు పెంచెను: "లక్షన్నరా? వెంటనే ఒప్పేసుకోకండి సార్! లక్ష చాలని చెప్పండి. ఒప్పుకోకపోతే నడిచి వచ్చెయ్యండి, వెనక్కి పిలుస్తారు."

మా మరదలు గరిటెతో పరుగున నాయొద్దకు వచ్చినది. "విన్నారా బావగారూ? ఆయన లక్షన్నరంటుంటే ఇది లక్ష చాలంటోంది! దీనికి బుద్ధుందా?"

లావోసు కిప్పులు లక్షయైనను మన డబ్బులో నాలుగువందల చిల్లర మాత్రమే యని నేనెఱుగుదును. చెప్పుటకు నోరు తెఱచితిని గాని, ఆమె యప్పటికే "పోన్లెండి, లక్షైనా మంచిదే" అనుకొనుచు దేవుని గదిలోనికి బోయి రెండవ వత్తి వేయుచుండెను.