ఇంకను వ్రాయని పుట

పుస్తకమందునా, నాకు అట్టయు కుట్టును లేవు. యంత్రమందునా, చక్రమొక్కటియు లేదు. విశాఖపట్టణమున ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో, 2014వ సంవత్సరాంతమున, ఒకే యొక్క హెచ్.టి.ఎం.ఎల్. ఫైలుగా నేను పుట్టితిని. వ్రాతయు, ఆ వ్రాతను చూపుచు, వెదకుచు, దిద్దుచునుండు ప్రోగ్రామును ఒకే పేటికలో ఇమిడియుండుట మా టిడ్లీవికీల వంశలక్షణము. జెరెమీ రస్టన్ 2004లో ఈ వంశమునకు మూలపురుషుడయ్యెను. అంతకు పూర్వపు పెద్దను స్మరింపక సాగుటకు నాకు మనసొప్పదు. 1995 మార్చి 25వ తేదీన వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని నెలకొల్పినపుడు, హోనొలులు విమానాశ్రయమున తిరుగు బస్సు పేరునుండి ఆ పదమును గ్రహించెను. హవాయి భాషలో 'వికీ' యనగా త్వరితమని యర్థము. పేరు త్వరితమేగాని, ఒకరి జీవితమునకు తోడుగా నిలువవలసిన నావంటిదానికి త్వరకంటె ఓర్పుతోనే పని యెక్కువ.

నాలో తొలి పుట ఏమంత ఘనమైనది కాదు: గ్యాస్ పుస్తకము ఏ అరలోనున్నదో, కరెంటు మీటరు నంబరేమో. పిమ్మట సిరా కలముల పుటలు వచ్చినవి. రాజమహేంద్రవరపు రత్నం కలమొకటి తండ్రిగారినుండి ఆ ఇంజనీరునకు సంక్రమించినది. దాని ఎబొనైటు గొట్టములో సిరా అడుగంటు వేళ, చేతివేడికి లోపలి గాలి వ్యాకోచించి, సిరాబొట్టును పాళీ మీదికి నెట్టివేయునని ఆమె పరిశీలించి, 'సిరా కక్కుట' యను పేర ఒక పుట వ్రాసికొనెను.

ఆ తండ్రిగారు తెలుగు పండితులు. గోదావరి పడవవారి మాటలను, సరంగు, లంగరు, తెరచాప, గడ మొదలగువానిని, ఆ కలముతోనే చీటీలమీద వ్రాసి, అట్టపెట్టెలలో దాచినారు. ఆ చీటీలనన్నిటిని నాలో చేర్చుటకును, వరుసగా పేర్చు చిన్న ప్రోగ్రాము నొకదానిని వ్రాయుటకును ఆమె పూనుకొనెను. అప్పటినుండి కలము పుట చీటీల పుటకును, చీటీల పుట ప్రోగ్రాము పుటకును దారి చూపుచున్నవి. రెండేసి చదరపు బ్రాకెట్ల నడుమ ఒక పేరు వ్రాసిన చాలును, అదియే దారి యగును. మనుష్యుని తలపు అరలవెంట నడువక ఒకదానినుండి మరియొకదానికి అల్లుకొనుచు పోవునని 1945లోనే వానెవర్ బుష్ వ్రాసి, అట్టి దారులను దాచిపెట్టెడి మెమెక్స్ అను యంత్రమును ఊహించెను. ఆయన ఊహ బల్లయంతటిది. నేను ఆమె సంచిలో ఇమిడిపోవుదును.

నేను నిజముగా ఆమెకు అక్కరపడిన దినమొకటి చెప్పవలెను. ప్రోగ్రాము వ్రాసిన నాలుగేండ్లకు దానిని సంస్కరింప మొదలిడిన ఆమెకు, పదములను పేర్చుచోట ఏదో అడ్డముగా తోచిన పంక్తులు కొన్ని కనబడినవి. "ఇవి ఎందుకు పెట్టానబ్బా?" అనుకొనుచు కొట్టివేయబోయి, ఏమనుకొనెనో, నన్ను తెరచి 'ళ' యని వెదకెను. పెద్దబాలశిక్ష వరుసలో ళకారము హకారమునకు తరువాత వచ్చుననియు, యూనికోడ్ పట్టికలో లకారము వెంటనే వచ్చుననియు, నాన్నగారి చీటీలు బాలశిక్ష వరుసలోనే కట్టలు కట్టియున్నవి గనుక ఆ వరుసనే నిలుపవలెననియు, ఆమెయే ఒకనాటి రాత్రి నాలో వ్రాసికొనియుండెను. ప్రోగ్రాము తాను చేయు పనిని చెప్పగలదుగాని, ఆ పని ఎవరికొరకై అట్లు చేయుచున్నదో చెప్పనేరదు; అది నాకు మాత్రమే తెలియును. ఆమె చేయి వెనుకకు తీసికొనెను.

నాకు గండములు లేకపోలేదు. మాబోటి పుటలు తమంతట తామే డిస్కుమీద వ్రాయుటకు బ్రౌజరులు ఒప్పుకొనవు. భద్రత దృష్ట్యా అది న్యాయమే. నడుమ సాయపడుచుండిన బ్రౌజరు పొడిగింపు ఒకనాడు పనిచేయక, ఒక సాయంకాలపు వ్రాతయంతయు గాలిలో కలిసినది. నాటినుండి ప్రతి రాత్రియు గిట్‌లో నా ప్రతియొకటి చేరుచున్నది.

ఆ పడవ చీటీలలోని 'చుక్కాని' యను మాటకు నాలో 24 బైట్ల చోటు చాలును. ఎనిమిది యూనికోడ్ గుర్తులు, గుర్తుకు మూడేసి బైట్లు. నాన్నగారు ఆ మాటను పలికిన తీరునకు మాత్రము అది చాలలేదు. అందుకనియే, ఆయన జీవించియున్న దినములలోనే, రికార్డు చేయవలెనను తలపుతో, ఆ చీటీ క్రింద 'నాన్నగారి గొంతు' అను దారి నొకదానిని ఆమె వేసియుంచెను. పుట ఇంకను పుట్టని దారులను మేము వాలు అక్షరములతో చూపుదుము. రికార్డు చేయకమునుపే ఆయన పోయినారు. ఆ పేరు ఏండ్ల తరబడి నాలో వాలియే యున్నది. ఆమె ఆ చీటీ తెరచిన ప్రతిసారియు దానిని చూచుట నేనెరుగుదును, తాకకుండుటయు ఎరుగుదును.

మొన్న రాత్రి తాకెను. అట్టి పుట లేదని చెప్పి, వ్రాయుటకు పెన్సిలు గుర్తును చూపితిని. చాలసేపటికి ఒక్క పంక్తి వచ్చినది: "చుక్కాని అనేటప్పుడు చివరి అక్షరాన్ని, అవతలి ఒడ్డున ఎవరినో పిలుస్తున్నట్టు, సాగదీసేవారు." అంతలో ఆమె ల్యాప్‌టాప్ మూసివేసెను. ఆ పంక్తి నాలో చిత్తుప్రతిగా నున్నది. టిక్కు గుర్తు నొక్కలేదు గనుక, పై చీటీలోని పేరు ఇంకను వాలు అక్షరములలోనే నిలిచియున్నది.