రూల్స్ అన్నయ్య

మోరిస్‌విల్ తెలుగు కుర్రాళ్ళు నాకో పేరు పెట్టారు: ‘రూల్స్ అన్నయ్య’. ఎదురుగా అనరు. కానీ హెచ్‌-వన్ వీసా కాయితాల్లో ఏ చిక్కొచ్చినా, లాయరుకి గంటల లెక్కన డబ్బు పొయ్యడానికి ముందు మా ఇంటి తలుపు తడతారు. నేను టీ ఇచ్చి, వాళ్ళ ఐ-797 నోటీసు ముందేసుకుని, అక్షరం వదలకుండా చదివి, ఫలానా తేదీలోపు ఫలానా పని చెయ్యమని చెబుతాను. ఫీజు పుచ్చుకోను. చెప్పినంతసేపూ వినాలి, అంతే. ఈమధ్య కొందరు లాయరు ఫీజే నయమంటున్నారని మా ఆవిడ అంటుంది.

మాది అమెరికాలో, నార్త్ కరోలినాలో చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో ముప్పై వేలకి కాస్త తక్కువ. ఒక పక్క విమానాశ్రయం, ఇంకో పక్క 1959లో పుట్టిన రిసెర్చ్ ట్రయాంగిల్ పార్కు. ఆ పార్కు కంపెనీల కోసం వచ్చిన మనవాళ్ళు ఎంతమందంటే, ఊరి చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ మైదానం వెలిసింది. 2023 జూలైలో మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచులు కొన్ని అక్కడే ఆడారు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో గోంగూర దొరికితే పండగ. ఇప్పుడు గోంగూర కట్ట బాగోలేదని కొట్టువాడితో పోట్లాడుతున్నాం.

నాది హెచ్‌-వన్, మా ఆవిడది దానివెంట వచ్చే హెచ్‌-ఫోర్ వీసా. నా గ్రీన్‌కార్డు వరస తేదీ 2016. ఆ వరస తిరుపతి క్యూ కంటే నెమ్మది, మధ్యలో పాలూ ఉప్మా కూడా ఇవ్వరు. అయితే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ మంజూరైన హెచ్‌-వన్‌వాళ్ళ భార్యాభర్తలు పని చేసుకోవచ్చని ఒక నిబంధన 2015 మే 26న అమల్లోకొచ్చింది. దాని పుణ్యాన ఆవిడకి ఈఏడీ అనే పని అనుమతి కార్డు వచ్చింది. ఆ కార్డున్నవాళ్ళు ఎక్కడైనా, ఎన్ని ఉద్యోగాలైనా చెయ్యొచ్చు. సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు.

ఆవిడ పెట్టింది కూడా. సున్నుండలు, కందిపొడి, కారప్పొడి. నేనున్నాను కాబట్టి అంతా పద్ధతి ప్రకారమే. రాష్ట్ర వ్యవసాయశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి వంటిల్లు చూసి వెళ్ళాడు. ఇంట్లో కుక్కగానీ పిల్లిగానీ ఉంటే ఇక్కడ ఇంటి వంటిల్లుకి అనుమతి రాదు. మా అబ్బాయి కుక్కపిల్ల కావాలని నెలరోజులు ఏడ్చాడు. నేను కరగలేదు. రూలు రూలే.

శనివారం పొద్దున్నే నేను క్రికెట్‌కి పోయి మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నలభై డబ్బాలు లేబుళ్ళతో సహా బల్ల మీద బారులు తీరి ఉంటాయి. ‘‘ఒంటి చేత్తో చేస్తుందండీ మా ఆవిడ!’’ అని ఎవరింటికి భోజనానికి వెళ్ళినా చెబుతాను. లెక్కలు మాత్రం నావే. మినప్పప్పుకో గడి, నెయ్యికో గడి, బెల్లానికో గడి, డబ్బాలకో గడి. ఒక్క డాలరు అటూ ఇటూ పోదు.

మొన్నామధ్య ఆవిడ, ‘‘ఏవండీ, ఆ లెక్కల్లో ‘ఇతరాలు’ అని ఇంకో గడి పెట్టండి’’ అంది.

‘‘ఆడిటింగ్‌కొచ్చినవాడు ముందు వేలు పెట్టేది ఆ గడి మీదే’’ అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఆ శనివారం ఆట అయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. ఇంటి మలుపులో ఒక కుర్రాడు బ్యాగు నెత్తి మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మావాడే. నరసరావుపేట దగ్గర పల్లెటూరు. రెండేళ్ళు ఎమ్మెస్ చదివి, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం పట్టి, వీసా లాటరీలో పేరొచ్చి, పోయిన అక్టోబరు ఒకటిన హెచ్‌-వన్‌లోకి మారాడు. ఆ కాయితాలు దగ్గరుండి చూసింది నేనే. కారు లేదు. ఫోన్లో పిలిస్తే వచ్చే మా ఊరి ఉచిత షటిల్ కోసం చూస్తున్నాడు.

‘‘ఎక్కడికిరా?’’

‘‘గుడికి అన్నయ్యా.’’

‘‘ఎక్కు, దింపుతాను.’’

పక్క ఊరు కేరీలో బాలాజీ ప్లేస్ మీదున్న వేంకటేశ్వరస్వామి గుడి కారులో ఎంతో దూరం కాదు. వాడు ఎక్కగానే కారంతా నెయ్యి వాసన గుప్పుమంది. మా ఆవిడ వెనక సీట్లో డబ్బాలు పెట్టి మర్చిపోయిందేమో అనుకున్నాను. వాడు బెల్టు పెట్టుకుంటూనే కునుకు తీశాడు.

‘‘ఏంరా, రాత్రి నిద్ర లేదా?’’

ఉలిక్కిపడ్డాడు. ‘‘వారమంతా ఆఫీసు, శనివారం తెల్లారుజాము నుంచి ఇంకో పని అన్నయ్యా’’ అన్నాడు. నిద్రమత్తులో నోరు జారాడని వాడి మొహమే చెప్పింది.

అప్పటికి మోరిస్‌విల్ కార్పెంటర్ రోడ్డు మీద, 54వ నంబరు రోడ్డు ఇంకో నాలుగడుగుల్లో ఉందనగా, ఎర్ర దీపాలు మిణుకుమని రైలు గేటు పడింది. గూడ్సు బండి. ఎన్ని డబ్బాలో దేవుడికే తెలియాలి. వినేవాడు కదలడానికి వీల్లేని చోటు నాకు ఎప్పుడోగానీ దొరకదు.

‘‘ఇంకో పనా! హెచ్‌-వన్ అంటే ఏమిటో తెలుసా నీకు? ఏ కంపెనీ పిటిషన్ వేసిందో ఆ కంపెనీకే, ఆ పనే చెయ్యాలి. గంట పనైనా, రోజు పనైనా రూలొకటే. చేతికి నగదిచ్చినా జీతమే.’’

‘‘రెండో ఉద్యోగం చెయ్యడానికి అసలు దారే లేదా అన్నయ్యా?’’

‘‘ఎందుకు లేదు? ఆ రెండో కంపెనీ కూడా ఆ ఉద్యోగానికి లేబర్ శాఖలో ఎల్‌సీఏ తీసుకుని, నీ పేరు మీద విడిగా ఐ-129 పిటిషన్ దాఖలు చెయ్యాలి. నువ్వు ఒకసారి లాటరీలో లెక్కకొచ్చావు గనక మళ్ళీ లాటరీ అక్కర్లేదు. పార్ట్‌టైమైనా ఫరవాలేదు. కానీ అది నీ చదువుకి తగ్గ ఉద్యోగం అయ్యుండాలి. ఇంతకీ ఏం చేస్తున్నావు?’’

‘‘వేయించడం, దంచడం, తూకం వెయ్యడం, స్టిక్కర్లు అంటించడం...’’

‘‘దానికి కంప్యూటర్ సైన్సు డిగ్రీ కావాలని ఏ ఆఫీసరూ ఒప్పుకోడు. రేపు గ్రీన్‌కార్డుకి ఐ-485 వేసే రోజున ఇవన్నీ బయటపడతాయి. అనుమతి లేకుండా చేసిన పని మొత్తం 180 రోజులు దాటిందా, ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుకి ఇక్కడ తలుపు మూసుకున్నట్టే. నువ్వు సంపాదించేదెంత, పోగొట్టుకునేదెంత? జీతం చాలట్లేదా?’’

‘‘బతకడానికి చాలుతుంది అన్నయ్యా. చదువుకి తెచ్చిన అప్పు నలభై లక్షలు. నాన్న ఎకరంన్నర తాకట్టు పెట్టాడు. నెలనెలా పంపేది వడ్డీకి సరిపోతోంది. అసలు మొహం ఇంకా చూళ్ళేదు. ఈ వారం వారం వచ్చే వంద డాలర్లతో అసలు ఒక్క మెట్టయినా దిగుతుందేమోనని...’’

నాకూ మనసు చివుక్కుమంది. నిజం చెప్పాలంటే, నా కోపం వాడి మీదనుంచి జారి ఇంకొకరి మీదకి పోయింది.

‘‘నిన్ను కాదురా అనాల్సింది. నీకు పనిచ్చినవాళ్ళనాలి. 1986 చట్టం ప్రకారం ఈ దేశంలో ఎవరిని పనిలో పెట్టుకున్నా ఐ-9 ఫారం నింపి, పనికి అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. లేదని తెలిసీ పెట్టుకుంటే జరిమానా. చూశారా?’’

‘‘లేదన్నయ్యా. కానీ చాలా మంచివాళ్ళు. పనయ్యాక అన్నం పెట్టిగానీ పంపరు. ఇవాళ దోసకాయ పప్పు.’’

‘‘ఐ-9 ఫారంలో దోసకాయ పప్పుకి గడి లేదురా! ఇలాంటివాళ్ళని నేను ఏళ్ళ తరబడి చూస్తున్నాను. మనవాడి అవసరం కనిపెట్టి, మన భాషలో పలకరించి, మన కూర వడ్డించి, సగం కూలికి చాకిరీ చేయించుకుంటారు. ఇంటాయన ఏం చేస్తుంటాడు?’’

‘‘ఆయనకి తెలియదన్నయ్యా.’’

‘‘తెలియదా! తన ఇంట్లో ఒక మనిషి పొద్దుటినుంచీ పని చేస్తుంటే తెలియనివాడు ఉంటాడా? తెలియనట్టు ఉంటాడు. లాభం వాడిది, భయం నీది. అసలు దొంగ వాడే. పేరు చెప్పు నాకు.’’

‘‘వద్దులే అన్నయ్యా.’’

‘‘చెప్పరా. సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టి వస్తాను. ఆయన వినకపోతే ఆవిడకి చెబుతాను. కూలి ఎగ్గొడితే అదీ వసూలు చేసి పెడతాను. కాయితాలున్నా లేకపోయినా, చేసిన పనికి కూలి ఇచ్చి తీరాలి. ఈ దేశంలో అదీ రూలే.’’

గూడ్సు బండి ఆఖరి డబ్బా దాటింది. గేటు లేస్తోంది. వాడు తల వంచుకుని, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. నెయ్యి వాసన మళ్ళీ వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. సీటు మీద తడిసిన నా క్రికెట్ బ్యాగు తప్ప ఇంకేమీ లేదు.

‘‘అన్నయ్యా, వదినగారు నలభై డబ్బాలూ ఒంటి చేత్తో చేస్తారని మీరు అందరికీ చెబుతుంటారు కదా’’ అన్నాడు వాడు మెల్లగా. ‘‘ఆ రెండో చెయ్యి నాది.’’

వెనక కారాయన హారన్ కొట్టాడు. ఈ ఊళ్ళో ఎవరైనా హారన్ కొట్టారంటే మనం చాలాసేపటినుంచి కదలకుండా ఉన్నామని అర్థం.

‘‘మూడు వారాల డబ్బులు రావాలన్నయ్యా’’ అన్నాడు. ‘‘వదినగారు ఇద్దామనే చూస్తున్నారు. మీ లెక్కల్లో ‘ఇతరాలు’కి గడి లేదట. ఎలాగూ వసూలు చేసి పెడతానన్నారుగా!’’