టాస్క్‌ఫోర్స్‌కు పైసా ఇవ్వొద్దు మహాప్రభో!

రాష్ట్ర ఆర్థిక శాఖ ముఖ్య కార్యదర్శి గారి సముఖానికి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట చింతచెట్టు కింద బల్ల వేసుకున్న ఓ దస్తావేజు లేఖరి నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: ప్రభుత్వ నిబంధనలు తయారుచేసే పద్ధతిని సంస్కరించే టాస్క్‌ఫోర్స్‌కు నిధులు మంజూరు చేయకుండుట గురించి.

అయ్యా,

రూల్సు ఎలా రాయాలో శాఖలకు నేర్పడానికి ఒక టాస్క్‌ఫోర్స్ వేసి, దానికి బడ్జెట్‌లో పద్దు పెట్టాలని కొందరు పెద్దమనుషులు పట్టుబడుతున్నారని విన్నాను. జారీ చేయకముందే ముసాయిదా జనానికి చూపించాలట. అది తెలుగులో ఉండాలట. అభ్యంతరం చెప్పినవాడికి జవాబివ్వాలట. విన్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. చట్టమంటే శాసనసభలో నలుగురి ఎదుట పుడుతుంది, పేపర్లో పడుతుంది. జేబుకు తగిలేది మాత్రం ఆ చట్టం కింద శాఖ రాసుకునే రూలే. అది ఏ రాత్రో ఇంగ్లీషులో జీవోగా దిగుతుంది, తెల్లారేసరికి జనం నా బల్ల ముందు వరస కడతారు. మధ్యలో ఇంకెవరో వచ్చి వాళ్లకు ముందే విప్పి చెబితే నా నోట్లోకి నాలుగు వేళ్లు ఎలా వెళ్తాయి?

మా పొట్ట కొట్టే పని ఇవాళ మొదలైంది కాదు. 1923లో జైపూర్ సంస్థానపు మంత్రిమండలి నల్లమందు మీద ఓ చట్టం తీర్మానించి, ఎక్కడా ప్రకటించకుండా బీరువాలో పెట్టుకుంది. ఎంత ముచ్చటైన ఏర్పాటు! దాని కింద 50 రూపాయల జరిమానా పడ్డ హర్లా అనే ఆయన ఊరుకోలేదు. జనానికి తెలియజేయని చట్టం చెల్లదని 1951లో సుప్రీంకోర్టు చేత అనిపించాడు. అప్పటి నుంచి అచ్చు వేయక తప్పడం లేదు గానీ, చాలావరకు రూలు ఖాయమయ్యాకే వేస్తున్నారు, అదొక్కటే ఊరట. ముసాయిదా ముందే ప్రచురించి అభ్యంతరాలు వినే పద్ధతి 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. కాకపోతే అసలు చట్టంలో ఆ షరతు రాసి ఉంటేనే అది వర్తిస్తుంది. ఆ మెలిక పెట్టిన దొరకు లేఖరులందరి తరఫునా ఒక దండం.

2014లో కేంద్రం కూడా ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని ఓ విధానం తెచ్చి మమ్మల్ని హడలగొట్టింది. అది చట్టం కాదని తెలిశాక స్థిమితపడ్డాం. ఫోన్ కాల్ మధ్యలో తెగిపోతే పరిహారం ఇవ్వాలన్న రూలు మీద నడిచిన కాల్ డ్రాప్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, రూలు చేసేముందు జనం మాట వినాలంటూ అమెరికావాళ్లు 1946లో చేసుకున్నటువంటి చట్టం మనకూ కావాలని పార్లమెంటును కోరింది. పార్లమెంటు తొందరపడలేదు. ఆ నిదానం తమరికీ అలవడాలి.

ఇక మన ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం సంగతి. 2020 ఆగస్టు 31న తెలంగాణలో 131 నంబరు జీవో వచ్చింది. లేఅవుట్ అనుమతి లేని ప్లాటును క్రమబద్ధం చేసుకోవాలంటే 2020 నాటి మార్కెట్ విలువ మీద లెక్కగట్టి రుసుము కట్టాలన్నారు. ఎప్పుడో పాతికేళ్ల కింద చిట్టీ పాడి కొన్న ప్లాటుకూ అదే లెక్క. ఊళ్లు గొల్లుమన్నాయి, శాసనసభలో గొడవైంది. సెప్టెంబరులోనే 135 నంబరు జీవోతో సవరించి, ప్లాటు రిజిస్టరైన నాటి విలువనే తీసుకోమన్నారు. మా బల్ల వైపు నుంచి చూడండి: ఒకే ప్లాటుకు రెండుసార్లు లెక్క, రెండుసార్లు జెరాక్సు, రెండుసార్లు నా ఫీజు. అదే ముసాయిదాను ముందుగా తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి ఉంటే ఏమయ్యేది? “అప్పుడెప్పుడో కొన్నదానికి ఇప్పటి రేటేంది సారూ?” అని ఏ ముసలాయనో అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో 135 నంబరు అవసరమే ఉండేది కాదు. నా రెండో ఫీజు గంగలో కలిసేది.

భాష విషయంలో కేంద్రాన్ని చూసి నేర్చుకోవాలి. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు అంటే, అనువదించడం మాని సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2021 ఆగస్టులో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టే పాత అలవాటే మానేశారు. అవతలి లేఖరుల అదృష్టానికి కళ్లు కుట్టాయి. 2024లో మళ్లీ పెట్టడం మొదలుపెట్టారట, పాపం.

అయినా టాస్క్‌ఫోర్స్ తప్పదంటే, డబ్బు ఎక్కడ పోయాలో చెబుతాను. ఛైర్మన్‌కు కారు, మరో కారు, ఏసీ గది, విదేశీ అధ్యయన యాత్ర: వీటికి చేతికి ఎముక లేకుండా ఇవ్వండి. మంచి తెలుగు రాయగల అనువాదకులకు మాత్రం ఒక్క పోస్టు కూడా మంజూరు చేయొద్దు. వచ్చిన అభ్యంతరాలు చదివి, ఏది ఒప్పుకున్నారో, ఏది ఎందుకు తోసిపుచ్చారో రాసిపెట్టే గుమాస్తాలు అసలే వద్దు. ఖర్చు చూస్తే వాళ్ల జీతాలు కార్ల డీజిలంత కూడా కాకపోవచ్చు, కానీ మా కొంప ముంచేది వాళ్లే.

మరొక్క మనవి. టాస్క్‌ఫోర్స్‌ను నియమించే జీవోను శనివారం పొద్దుపోయాక, ఇంగ్లీషులోనే విడుదల చేయించండి. సోమవారం పొద్దున్నే బల్ల తుడుచుకుని కూర్చుంటాను. చదివి చెప్పడానికి పేజీకి ఇరవై రూపాయలు, సవరణ జీవో వస్తే మళ్లీ ఇరవై.

ఇట్లు
తమ విధేయుడు,
ఓ దస్తావేజు లేఖరి